ఎర్రగుడి రాయిని చదివిందెవరు?

అశోకుడి శాసనాల్ని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే దొర చదివినాడని మీ పాఠంలో ఉండాదన్నావు కదా అమ్మణ్ణీ. అందులో అబద్ధం లేదు. అయితే ఆ ఒక్క వాక్యం చదివి నువ్వు ఏమనుకుంటావు? ఒక దొర కూర్చున్నాడు, రాయిని చూసినాడు, చదివేసినాడు అనుకుంటావు. నేను ముప్పై ఏళ్లు బడిలో అదే వాక్యం చెప్పినా గాని, చెప్పిన ప్రతిసారీ దాని వెనకాల ఉండే కథంతా చెప్పేదాకా పిల్లోళ్లను వదిలేవాణ్ణి కాదు. మీరిద్దరూ ఇట్ల దగ్గరికి జరగండి. అబ్బీ, ఆ కందికట్టె ఇంకో గుప్పెడు వెయ్యి. రాత్రి చలి బాగా పట్టేట్టుండాది, ముచ్చట కూడా పెద్దదే.

మన గుత్తిలో పత్తికొండ రోడ్డు పట్టుకొని ఎనిమిది మైళ్లు పోతే ఎర్రగుడి. జిల్లా కర్నూలుదే గాని, ఎక్కడెక్కడి పండితులూ రైలు దిగింది మన గుత్తిలోనే. ఆ రోడ్డుకు ఇంకో కథ కూడా ఉండాది. 1827 జూలైలో పత్తికొండలో కలరా తగిలి మద్రాసు గవర్నరు మన్రో దొర చనిపోతే, గుత్తికి తెచ్చి కోట కింద పూడ్చినారు. కొన్నేళ్లకు ఎముకల్ని మద్రాసుకు తీసకపోయినారు. మన్రో ఆ దోవన ఎన్నిసార్లు గుర్రం మీద తిరిగింటాడో! మెకంజీ సర్వే వాళ్లు గొలుసులు పట్టుకొని ఈ సీమంతా కొలిచినారు. గొర్రెల కాపర్లు తరతరాలుగా ఆ గుండ్ల నీడనే కూర్చున్నారు. ఆ గుండ్ల మీద గీతలుండాయని మావాళ్లకు తెల్సు. నిధికి గుర్తులని అనేవాళ్లు. అనరా మరి? పక్కనే జొన్నగిరి. తొలకరి వాన పడితే చాలు, జనం చేన్లల్లో వంగి వజ్రాలు ఏరుకుంటారు. అట్లాంటి నేలలో రాతి మీద గీత కనపడితే నిధే గుర్తొస్తాది.

ఆ గీతలు క్రీస్తుకు ముందు 3వ శతాబ్దం నాటివి. అశోకుడి పెద్ద శాసనాలు పద్నాలుగూ ఉండాయి, చిన్న శాసనాలు కూడా ఉండాయి. రెండు రకాలూ ఒకే గుట్ట మీద ఉండడం అరుదు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అందులో చిన్న శాసనంలో ఉండే ఒక మాట నాకు ప్రాణం. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని చెప్పినాక, రాజు కొందరిని పేరు పెట్టి పిలుస్తాడు. ఏనుగుల్ని నడిపేవాళ్లు, రాతకోతలు చేసే కరణాలు, బండ్లకు పశువుల్ని మరిపే గురువులు, బ్రాహ్మణులు. మీరంతా మీ దగ్గర ఉండే శిష్యులకు పాత కాలం నుంచి వచ్చే పద్ధతిలో ఇదంతా నేర్పండి, శిష్యుడు గురువును గౌరవించాల అంటాడు. ఎర్రగుడిలో ఈ మాట ఉన్నంత వివరంగా చాలా తావుల్లో లేదు. చూడు, ఏనుగు మావటీ, బడిపంతులూ ఒకే వరుసలో ఉండారు. విద్య అంటే పుస్తకాలొక్కటే కాదని రాజుకు తెల్సు. గురువు, శిష్యుడు, వాళ్ల శిష్యుడు అని చెప్పే ఆ రాయిని మళ్లీ చదవడానికి కూడా అట్లాంటి వరుసే కావాల్సొచ్చింది. కాకపోతే ఈ వరుసలో గౌరవం ఎంత ఉండాదో గొడవా అంతే ఉండాది.

అశోకుడి తర్వాత కొన్ని వందల ఏండ్లకు ఆ అక్షరాలు మారి మారి, చదివేవాళ్లే లేకుండా పోయినారు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్, తోప్రా అనే ఊరి నుంచి ఒక పెద్ద స్తంభాన్ని బండి మీద, పడవ మీద ఢిల్లీకి తెప్పించినాడు. దాని మీద ఏం రాసిందో చెప్పమని పండితుల్ని పిలిచినాడు. చదవనీకి రాలేదు. ఫిరోజ్ అనే రాజు వచ్చేదాకా ఈ స్తంభాన్ని ఎవరూ కదిలించలేరని రాసిందని కొందరు చెప్పిరంట. ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ రాసిపెట్టినాడు ఈ సంగతి. ఇంకో రెండున్నర నూర్ల ఏండ్లకు టామ్ కోర్యాట్ అనే ఇంగ్లీషోడు కాలినడకన వచ్చి అదే స్తంభం చూసి, ఇది గ్రీకు రాత, అలెగ్జాండరు పోరసును గెలిచిన గుర్తు అనుకున్నాడు. తెలియనిచోట ప్రతివాడూ తనకు కావాల్సింది చదువుకున్నాడు.

మరి చదివే దారి ఎట్ల దొరికింది? వెనక్కి నడిచినారు నాయనా. ఈ కాలపు అక్షరం తెల్సు కాబట్టి దాని సాయంతో నూరేండ్ల కిందటి అక్షరం, దాని సాయంతో ఐదునూర్ల ఏండ్ల కిందటి అక్షరం. కలకత్తాలో 1784లో ఏషియాటిక్ సొసైటీ పెట్టినాక, చార్లెస్ విల్కిన్స్ ఆడి పండితుల సాయంతో పాలరాజుల కాలపు రాతలు చదివినాడు, ఇంకా వెనక్కి పోయి గుప్తుల కాలపు లిపి దాకా చేరినాడు. ఢిల్లీ స్తంభం మీద అశోకుడి రాతతో పాటు 12వ శతాబ్దపు చౌహాను రాజు విశాలదేవుడి సంస్కృత రాత కూడా ఉండాది. దాన్ని రాధాకాంతశర్మ అనే పండితుడు చదివి 1788లో అచ్చుకిచ్చినాడు. ఒకే రాయి మీద కొత్త రాత తెలిసిపాయె, పాత రాత మూగగా ఉండిపాయె.

దక్షిణాన ఇదే పని చేసింది మన తెలుగోడు, కావలి వెంకట బొర్రయ్య. ఏలూరు నుంచి వచ్చిన కావలి అన్నదమ్ములు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మెకంజీ దగ్గర పనిచేసినారు. మెకంజీ మన దత్తమండలాల్ని సర్వే చేసిన మనిషే. ఊరూరా కైఫీయతులు రాయించినాడు, శాసనాలకు నకళ్లు తీయించినాడు. ఆయనకు మన భాషలు రావు. రాళ్ల మీది హళగన్నడాన్ని విడదీసి చదివే పద్ధతి పట్టుకున్నది బొర్రయ్య. 1803లో నిండా ముప్పై ఏండ్లు రాకుండానే చనిపోయినాడు. ఈ దేశపు విద్యల వాకిలి తనకు తెరిచింది బొర్రయ్యేనని మెకంజీ తన చేత్తో రాసినాడు. ఆ మాట రాసినందుకు నేను మెకంజీని గౌరవిస్తా.

ఇంగ వినండి, ఈ ముచ్చటలో నా కడుపు మండే తావు ఇదే. 1821లో మెకంజీ చనిపోయినాడు. గుట్టలు గుట్టలుగా కాగితాలు, ప్రతులు, శాసనాల నకళ్లు మిగిలిపోయినాయి. అన్న బొర్రయ్య పోయినాక ఆ పనంతా మోసింది లక్ష్మయ్య. యాడ ఏ ప్రతి దొరికిందో, ఎవరు చెప్పినారో, ఏ బ్రాహ్మణుణ్ణి ఏ ఊరికి పంపినారో ఆయనకు తెలిసినంతగా భూమ్మీద ఇంకెవరికీ తెలీదు. నేను ఈ పని కొనసాగిస్తా, అనుమతి ఇయ్యండి, ఖర్చు ఇయ్యండి అని అర్జీ పెట్టుకున్నాడు. అది కలకత్తా సొసైటీకి అభిప్రాయం కోసం పోయింది. 1836లో సొసైటీ కార్యదర్శి ఎవరనుకుంటివి? మీ పాఠంలో ఉండే ప్రిన్సెపే. ఇంత పెద్ద పనికి చెదురుమదురు ఆధారాల్ని ఒక చోటికి తెచ్చి విలువ కట్టగల పెద్ద బుర్ర కావాల, లక్ష్మయ్య అందుకు చాలడు అని తేల్చినారు. ఆ పని విలియం టేలర్ అనే పాదిరీకి పాయె.

ఒక్క ఏడాది అటూ ఇటూ. ఈడ లక్ష్మయ్యను కాదన్నాడు, ఆడ తన పక్కన కమలాకాంత విద్యాలంకారుణ్ణి కూర్చోబెట్టుకొని పని చేసినాడు. పండితులు లేకుండా తనకు ఒక్క పంక్తి ముందుకు పోదని ప్రిన్సెప్‌కు తెల్సు. సాయం చేసే పండితుడైతే సరే, సొంతంగా చరిత్ర రాసే పండితుడు పనికిరాడు. నేను ప్రిన్సెప్‌ను తక్కువ చేసి చెప్పడం లేదమ్మా. మహా మేధావి. అయినా ఈ అన్యాయం చెప్పకుండా ఆయన గొప్ప చెప్తే నా నోరు ఒప్పుకోదు.

ఇప్పుడు ఆయన గొప్ప చెప్తా. ఉద్యోగం టంకశాలలో, వెండీ బంగారమూ ఎంత స్వచ్ఛంగా ఉండాయో పరీక్ష చేసేది. పాత నాణేలంటే పిచ్చి. దేశం నాలుగు మూలల్నుంచి ఎవరెవరో సైనికులు, ఇంజనీర్లు శాసనాల నకళ్లు పంపించేవాళ్లు, ఆయన వాటిని సొసైటీ పత్రికలో అచ్చేసేవాడు. 1836లో జర్మనీ నుంచి లాసెన్ అనే పండితుడు ఒక నాణెం చదివినాడు. అగాథోక్లీస్ అనే గ్రీకు రాజుది. ఒక పక్క గ్రీకు, ఇంకో పక్క బ్రాహ్మి. గ్రీకు తెల్సు కాబట్టి అవతలి పక్క కొన్ని అక్షరాలు తెలిసిపోయినాయి. ఆ మరుసటేడు సాంచీ స్తూపం కంచె రాళ్ల మీది చిన్న చిన్న రాతల నకళ్లు ప్రిన్సెప్ చేతికొచ్చినాయి. వరుసగా పెట్టి చూస్తే దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తాండాయి. ఏమై ఉంటాది? గుళ్లల్లో రాళ్ల మీద ఏం చెక్కిస్తారు జనం? ఇచ్చినవాడి పేరు. అయితే ఆ చివరి మాట ‘దానం’ అయ్యుండాల! అంతే, ‘ద’, ‘న’, సున్న దొరికిపోయినాయి. ముందు కనిపించే అక్షరం ‘ఫలానా వాడి’ అని చెప్పే ‘స’. ఆ పట్టు దొరికినాక మిగిలినవి వారాల్లో విడిపోయినాయి. లాసెన్ ముందా ప్రిన్సెప్ ముందా అని ఈరోజుకీ కొందరు లెక్కలు తీస్తారు. ఆ ఇద్దరూ మాత్రం జాబులు రాసుకుంటా, ఒకరికొకరు చెప్పుకుంటా పోయినారు.

అక్షరాలు వచ్చినాయి గాని రాజు ఎవరు? యాడ చూసినా ‘దేవానాంపియ పియదసి’ అని ఉండాది. అట్లాంటి పేరుగల రాజు మన పురాణాల పట్టీల్లో లేడు. సింహళంలో దేవానాంపియ తిస్స అనే రాజున్నాడని తెలుసు కాబట్టి, ఇవన్నీ ఆయనవేనని ప్రిన్సెప్ అన్నాడు. సింహళంలో జార్జ్ టర్నర్ అనే ఉద్యోగి ఆడి భిక్షువుల దగ్గర పాలీ నేర్చుకొని పాత గ్రంథాలు చదువుతాండాడు. దీపవంశం ప్రతిలో ఆయనకు కనపడింది, పియదసి అంటే చంద్రగుప్తుడి మనవడు, బిందుసారుడి కొడుకు అశోకుడని. కలకత్తాకు రాసినాడు. ప్రిన్సెప్ ఏం చేసినాడు? కొన్ని నెలల కింద తను అచ్చేసిన మాట తప్పని అదే పత్రికలో తనే ఒప్పుకొని, టర్నర్ చెప్పిందే నిజమని రాసినాడు. అప్పటికి ఆయన రాత్రింబవళ్లు పనిచేసి దెబ్బతినిపోయి ఉండాడు. 1838లో ఓడెక్కినాడు, 1840లో లండన్‌లో చనిపోయినాడు. వయసు నలభై.

అంతటితో సద్దుమణిగిందా? యాడ సద్దుమణుగుతాది! హెచ్.హెచ్. విల్సన్ అని సంస్కృతంలో మహా పండితుడు. ప్రిన్సెప్ కలకత్తా టంకశాలలో మొదట చేరింది ఆయన చేతి కిందనే. మెకంజీ సేకరణకు 1828లో పట్టిక అచ్చేసింది కూడా ఆ విల్సనే. ప్రిన్సెప్ చనిపోయిన పదేండ్లకు, పియదసి అశోకుడని ఎట్ల నమ్మాల, ఈ శాసనాలు బౌద్ధుల మాటేనని ఎట్ల చెప్పాల అని విల్సన్ పెద్ద వ్యాసమే రాసినాడు. శిష్యుడు పోయినాడు, జవాబు చెప్పేదెవరు? ప్రిన్సెప్ దగ్గర కుర్రతనంలో నాణేలు నేర్చుకున్న కన్నింగ్‌హామ్ అనే సైనికుడు ఆ పని నెత్తికెత్తుకున్నాడు. 1861లో పురావస్తు శాఖ ఆయన చేతుల మీదుగా మొదలైంది. 1877లో అప్పటిదాకా దొరికిన అశోక శాసనాలన్నీ ఒక సంపుటంగా తెచ్చినాడు. కానీ ‘అశోకుడు’ అనే పేరు రాతిలో కనపడలేదు. విల్సన్ అడిగిన ప్రశ్న పుస్తకాల సాక్ష్యంతో వెనక్కి తగ్గింది గాని చావలేదు. నన్నడిగితే ఆ ప్రశ్న అడగడం మంచి పనే. దానివల్లనే అందరూ ఆ పేరు కోసం కండ్లు పెట్టుకొని చూసినారు.

ఇంగ మన దిక్కుకు వస్తాం. 1892లో మైసూరు శాసనాల అధికారి బి.ఎల్. రైస్, మన రాయదుర్గం అవతల మొలకాల్మూరు తాలూకాలో బ్రహ్మగిరి, సిద్దాపుర, జటింగ రామేశ్వరం గుట్టల మీద మూడు శాసనాలు కనుక్కున్నాడు. అశోకుడు ఇంత దక్షిణానికి వచ్చినాడా అని అందరూ నోరు తెరిచినారు. వాటిని రాసిన లేఖకుడు చివర తన పేరు చెక్కుకున్నాడు, చపడుడని. పేరు బ్రాహ్మిలోనే చెక్కి, ‘లిపికరుడు’ అనే ఒక్క మాట మాత్రం ఖరోష్ఠిలో చెక్కినాడు. ఖరోష్ఠి ఇప్పటి పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ వైపు రాసే లిపి, కుడి నుంచి ఎడమకు పోతాది. రైస్‌కు అంతుపట్టని ఆ గీతల్ని వియన్నాలో కూర్చున్న బ్యూలర్ పండితుడు చదివినాడు. అంటే మొలకాల్మూరు గుట్టల మీదికి వాయవ్య దేశం లిపి తెలిసిన రాతగాడు వచ్చి ఉలి పట్టినాడన్నమాట!

ఈ బ్యూలర్‌కు ఒక పట్టుదల ఉండాది. బ్రాహ్మి మనదిగా పుట్టింది కాదు, పశ్చిమాన ఫినీషియన్ల అక్షరాల నుంచి వచ్చింది, మొదట్లో దాన్ని కూడా కుడి నుంచి ఎడమకే రాసేవాళ్లు అని ఆయన వాదం. సాక్ష్యంగా ఎరాన్‌లో కన్నింగ్‌హామ్‌కు దొరికిన ఒక నాణెం చూపించినాడు, దాని మీద అక్షరాలు తిరగబడి ఉండాయి. అచ్చు తిరగేసి చెక్కుంటారులే అని ఎదుటివాళ్లు కొట్టిపారేసినారు. కన్నింగ్‌హామ్ నమ్మకం కూడా వేరే; ఈ లిపి ఈ గడ్డ మీదే పుట్టిందని ఆయన అనేవాడు. 1898లో బ్యూలర్ సరస్సులో పడవ మునిగి చనిపోయినాడు. వాదం మాత్రం అట్లే నిలబడింది.

ఆ కాలంలోనే మద్రాసు ప్రభుత్వానికి శాసనాల పండితుడుగా వచ్చినాడు హుల్ష్, జర్మనీ మనిషి. మన కోట గుండ్ల మీది రాతలు మొదట అచ్చయింది ఆయన చేతనే, 1890లో, దక్షిణ భారత శాసనాల మొదటి సంపుటంలో. చాళుక్య విక్రమాదిత్యుడి కాలపు కన్నడ రాతలు, విజయనగరం బుక్కరాయల్ని పొగుడుతా మన గుత్తిని కోటల్లో రాజు అనే సంస్కృత పద్యం, అన్నీ అందులో ఉండాయి. కోట ఎక్కేటప్పుడు మీరు కాలు పెట్టి దాటుకునే గుండు మీద కూడా చరిత్ర ఉండాదని నేను ఊరికే చెప్పడం లేదు. హుల్ష్ దగ్గర వెంకయ్య, కృష్ణశాస్త్రి పని నేర్చుకున్నారు. ఆయన జర్మనీకి పోయినాక ఆ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆ కుర్చీలో కూర్చున్నారు. హుల్ష్ ఆడ ఊరుకోలేదు. కన్నింగ్‌హామ్ సంపుటం పాతబడిందని అశోక శాసనాలన్నీ మళ్లీ చదివి, ప్రతి అక్షరం సరిచూసి 1925లో కొత్త సంపుటం తెచ్చినాడు. ఇంగ దీని తర్వాత ఎవరూ చెప్పేదేముండదు అన్నంత గట్టి పుస్తకం. 1927లో చనిపోయినాడు. గుత్తి రాళ్లను లోకానికి చూపించినవాడు, గుత్తికి ఎనిమిది మైళ్లలో ఉండే ఎర్రగుడి సంగతి తెలియకుండానే పోయినాడు. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా గుండె పట్టేస్తాది.

మధ్యలో మస్కి చెప్పాల. 1915లో నిజాం రాజ్యంలో రాయచూరు దిక్కున, బంగారు గనుల ఇంజనీరు బీడన్ ఖనిజాల కోసం తిరుగుతా తిరుగుతా ఒక గుండు మీద రాత చూసినాడు. హుల్ష్ శిష్యుడు కృష్ణశాస్త్రి దాన్ని చదివినాడు. మొదటి పంక్తిలోనే ‘దేవానాంపియ’ పక్కన ‘అశోక’ అని ఉండాది! టర్నర్ జాబు రాసి 78 ఏండ్లు అయింది. టర్నర్ లేడు, ప్రిన్సెప్ లేడు, ఎదురు నిలిచిన విల్సనూ లేడు. రాయి వచ్చి సాక్ష్యం చెప్పింది. తర్వాత 1970ల్లో బళ్లారి దగ్గర నిట్టూరు, ఉడేగోళం శాసనాల్లో కూడా అదే పేరు కనపడింది.

1929లో ఎర్రగుడి. ఇది కూడా రాళ్లూ రప్పలూ పరీక్షించే మనిషికే దొరికింది, అను ఘోష్ అనే బెంగాలీ భూగర్భ శాస్త్రవేత్తకు. దయారాం సాహ్ని పురావస్తు శాఖ నివేదికలో లోకానికి చెప్పినాడు. చిన్న శాసనం దగ్గరికి వచ్చేసరికి చదివేవాళ్లకు తల తిరిగిపోయింది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు పోతాండాయి. ఎద్దుల్ని కట్టి సాలు తోలుతా చివరికి పోయి మళ్లీ ఇటు తిప్పుకొస్తాం చూడు, అట్ల. అన్ని వరుసలూ ఆ లెక్కకు కట్టుబడవు, మధ్యలో తప్పిపోతాది, ఖాళీ ఉన్నచోట ఇరికించిన అక్షరాలు కూడా ఉండాయి. అశోకుడి శాసనాల్లో ఇట్లాంటిది ఇంకోటి లేదు.

బ్యూలర్ పక్షం వాళ్లకు పండగే అనుకో. చూడండి, మా గురువు చెప్పలేదా, కుడి నుంచి రాసే అలవాటు మిగిలుందని ఈ రాయే చెప్తాంది అన్నారు. ఎదుటివాళ్లు ఒప్పుకోలేదు. దేశమంతా ఎడమ నుంచి రాస్తాంటే ఒక్క ఎర్రగుడి రాతగాడి వింత చేష్టను పట్టుకొని లిపి పుట్టుకే చెప్తారా అన్నారు. కలకత్తాలో పాలీ పండితుడు బేణీమాధవ బారువా 1930ల్లో దీన్ని చదివి, తప్పిపోయిన వరుసల్ని అతికించే ప్రయత్నం చేసినాడు. తర్వాత తరంలో దినేశచంద్ర సర్కార్ ఊటీలో ఉండే ప్రభుత్వ శాసన కార్యాలయం నుంచి మళ్లీ మొత్తం చదివి 1950ల్లో ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చేసినాడు. ఏనుగుల వాళ్లు, కరణాలు, గురువులు, శిష్యులు అని నేను మొదట చెప్పిన ఆ మాటలు తిన్నగా నిలబడింది ఇట్ల ఒకరి మీద ఒకరు చదివినందుకే.

మన అనంతపురంలో కూడా ఒక పెద్దాయన ఈ వరుసలో ఉండాడు. చిలుకూరి నారాయణరావు, దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పినాడు. 1928 నవంబరులో నంద్యాల సభలో దత్తమండలం అనే పేరు తీసేసి రాయలసీమ అన్నది ఆయనే. అశోకుడి ధర్మశాసనాల్ని తెలుగు చేసింది కూడా ఆయనే. ప్రాకృతం అంతగా ఒంటపట్టిన మనిషి కాబట్టి, తెలుగు కూడా ప్రాకృతాల నుంచే వచ్చిందని 1937లో ఆంధ్రభాషా చరిత్రము రెండు సంపుటాలుగా రాసినాడు. అప్పటికి మద్రాసులో 1816లోనే ఎల్లిస్, తర్వాత 1856లో కాల్డ్‌వెల్ తెలుగు వేరే కుటుంబమని, తమిళం కన్నడాలకు తోబుట్టువని చెప్పేసినారు. చిలుకూరి వాళ్లకు ఎదురు నిలబడినాడు. పదేండ్లకు గంటిజోగి సోమయాజి ఆంధ్రభాషా వికాసము రాసి చిలుకూరిని అడుగడుగునా ఖండించినాడు. సోమయాజి పనిచేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువుల మీద పుస్తకం తెచ్చి, ద్రావిడ కుటుంబంలో తెలుగు యాడ కూర్చుంటాదో ఇంకా లోతుగా తేల్చినాడు. చిలుకూరి వాదం ఓడిపాయె. కానీ ఆయన శాసనాల నుంచి, పల్లె మాటల నుంచి కూడబెట్టిన పదాల రాశి ఉండాదే, ఆయన్ను ఓడించినవాళ్లు కూడా ఆ రాశిలో చెయ్యి పెట్టకుండా పని చెయ్యలేకపోయినారు. వాదం తప్పయితే మనిషి చేసిన చాకిరీ అంతా తప్పని అనుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తాది.

ఇంగ తేలనివి కూడా ఉండాయి. బ్రహ్మగిరి శాసనంలో సువర్ణగిరి అనే ఊరు వస్తాది, అశోకుడి తరఫున రాజకుమారుడు ఉండే తావు. దక్షిణ దేశానికి రాజధాని మాదిరి. అది యాడ? మస్కి దగ్గరి కనకగిరి అని కొందరన్నారు. ఎర్రగుడి దొరికినాక, పక్కనే బంగారు నేల జొన్నగిరి ఉండాది కదా, అదే సువర్ణగిరి అని మనవాళ్లన్నారు. నాకు జొన్నగిరే కావాలని ఉండాది. మన ఊరి పక్కనే అయితే బాగుంటాదని కోరుకోవడం వేరు, రుజువు వేరు. పత్తికొండ దగ్గర రాజుల మందగిరి గుండు మీద కూడా చిన్న శాసనమే ఉండాది కాబట్టి ఈ చుట్టుపట్ల ఏదో పెద్ద తావు ఉండాల్సిందే. అంతవరకు గట్టిగా చెప్తా.

ఆ తిరగబడిన వరుసల సంగతిలో నా మాట వేరే. బ్యూలర్ చెప్పినట్టు అది లిపి పుట్టుకకు గుర్తు కాదు. బ్రహ్మగిరికి ఖరోష్ఠి తెలిసిన చపడుడు వచ్చినట్టే, ఎర్రగుడికి కూడా కుడి నుంచి రాసే చేతి అలవాటున్న రాతగాడెవడో వచ్చింటాడు. మరీ దూరం తావులు కావు కదా. ఇది నేను నమ్మేది. మీరు ఆదివారం పొద్దున బస్సుకు పోండి, ఎండెక్కితే ఆ గుండ్ల మీద నిలబడలేరు. నీళ్లు తీసకపోండి. అమ్మణ్ణీ, బ్రాహ్మి అక్షరాల పట్టీ నీ పుస్తకం వెనకాల ఉండాది, దాన్ని పట్టుకొని పో. కుడి నుంచి పోయే వరుస దగ్గర కూర్చొని ఒక్కొక్క అక్షరం చూడు. వరుస మాత్రమే తిరిగిందా, అక్షరం మొగం కూడా అటు తిరిగిందా? ‘ఎ’కారం గీత ఏ పక్కకు లాగినాడు, ‘అ’ కాళ్లు ఏ పక్కన ఉండాయి, రాసుకొని రా. రాసుకొచ్చినాక నా మాట నిలుస్తాదో లేదో నువ్వే నాకు చెప్పు.